కానరాని విభావము: ఋతుపూర్వ విషాదమును గూర్చి ఒక సాహిత్య విచారము

ఈ వ్యాసమునకు మూలము ఒక మాటను గూర్చిన ప్రశ్న. మా శాఖలో పరిశోధన సాగించుచున్న యొక విద్యార్థిని, తన వైద్యుడిచ్చిన పట్టిక నొకదానిని మాకు చూపి, అందలి మాటలను తెలుగున నెట్లు చెప్పవలెనని యడిగినది. అది ఆంగ్లమున అచ్చైన పట్టిక. ప్రతిదినమును రాత్రివేళ ఆనాటి మనఃస్థితిని, శరీరస్థితిని 1 మొదలు 6 వరకు గల అంకెలతో గుర్తించుచు, రెండు నెలలు నింపవలసినది. అందలి లక్షణములకు ఆమె మా సాయము లేకయే తెలుగు మాటలు వ్రాసికొని తెచ్చినది: దిగులు, గుబులు, బెంగ, చిరాకు, విసుగు, ఉక్రోషము, కసి, వెలితి. ఆమెకు దొరకనిది పట్టికకు శిరోనామముగా నున్న వ్యాధి పేరు. "దీన్ని మా అమ్మకు ఏమని చెప్పాలి, మాస్టారూ?" అని యడిగినది. మాకును వెంటనే సమాధానము తోచలేదు. పిమ్మట నిఘంటువులు తిరుగవేసితిమి; కావ్యములు తలచుకొంటిమి; ఇండ్లలోని పెద్దలను అడిగితిమి. ఆ వెదకులాటయే ఈ వ్యాసము. ఆమె యనుమతితోనే ఆమె ప్రసక్తి నిందు చేయుచున్నాము.

ముందుగా వ్యాధి స్వరూపమును సంగ్రహముగా చెప్పుట యవసరము. ముట్టునకు ముందు కొన్నాళ్ళు కొంత బరువు, కొంత చిరాకు కలుగుట పెక్కుమంది స్త్రీలకు సామాన్యము. అది వ్యాధి కాదు. కాని కొందరికి ఆ దినములలో తీవ్రమైన విషాదము, ఆగ్రహము, భయము, తనపై తనకే యసహ్యము కలుగును. మనస్సు దేనిమీదను నిలువదు. చదువు, ఉద్యోగము, సంసారము స్తంభించును. ప్రాణము తీసికొనవలెనను తలంపు సైతము కలుగవచ్చును. ముట్టు ఆరంభమైన కొలదినాళ్ళలో ఇది యంతయు తొలగును. తరువాతి వారమున దాదాపు జాడయైనను కనబడదు. అండము విడుదలైన పిదప మరల వచ్చును. ఈ రాకపోకల క్రమమే దీని ముఖ్యలక్షణము. అమెరికా మనోవైద్య సంఘమువారి గ్రంథము ఇచ్చిన లెక్కను బట్టి, ముట్టగు స్త్రీలలో నూటికి 1.8 మొదలు 5.8 వరకు దీనికి లోనగుచున్నారు.

1931లో న్యూయార్కు వైద్యుడు రాబర్ట్ ఫ్రాంక్ ఈ స్థితిని వర్ణించి ‘ప్రీమెన్‌స్ట్రువల్ టెన్షన్’ అని పేరిడెను. అదే యేట కారెన్ హార్నీ జర్మను భాషలో దీనిని మనోవిశ్లేషణ దృష్టితో చర్చించినది. 1953లో రేమండ్ గ్రీన్, కాథరీనా డాల్టన్ అను ఆంగ్ల వైద్యులు ‘ప్రీమెన్‌స్ట్రువల్ సిండ్రోమ్’ అను పేరును ప్రచారమునకు దెచ్చిరి. అందు అతితీవ్రమైన మనోవికారమును అమెరికా మనోవైద్య సంఘము 1987లో తన వర్గీకరణ గ్రంథమున అనుబంధముగా చేర్చి, 2013లో ‘ప్రీమెన్‌స్ట్రువల్ డిస్‌ఫోరిక్ డిజార్డర్’ అను పేర ప్రధానభాగమున నిలిపినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదింపగా 2022లో అమలునకు వచ్చిన వర్గీకరణమునను ఇది చేరినది.

ఈ చరిత్రలో సాహిత్య విద్యార్థికి ముఖ్యమైన ఫలిత మొకటి కలదు. 1998లో పీటర్ ష్మిట్, డేవిడ్ రూబినో మొదలగువారు ప్రకటించిన పరిశోధనమున, అండాశయముల పనిని మందుతో ఆపినపుడు ఈ వ్యాధి గలవారిలో పెక్కుమందికి ఉపశమనము కలిగినది. పిదప ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరోన్ అను హార్మోనులను మరల ఇచ్చినపుడు వ్యాధి గలవారిలో విషాదము తిరిగివచ్చినది. వ్యాధి లేనివారిలో రాలేదు. అనగా వీరి శరీరమున హార్మోనులు మితి మీరుట లేదు. అందరియందును నడచు మార్పునకే వీరి మెదడు వేరుగా స్పందించుచున్నది. చికిత్సయు కలదు. సెరటోనిన్‌పై పనిచేయు మందులను కొందరు నెలంతయు, కొందరు ముందరి రెండువారములు మాత్రమే వైద్యుని సలహాపై పుచ్చుకొని తేరుకొనుచున్నారు. ఇక మన విషయమునకు వత్తము.

తెలుగున ముట్టును గూర్చిన మాటలకు కొదువ లేదు. ముట్టు, అంటు, మైల, బహిష్టు, దూరముండుట, బయటచేరుట, కాకి ముట్టుట, నెలసరి, ఋతువు, రజస్సు; తొలిసారియైనచో సమర్త, పుష్పవతి, పెద్దమనిషి యగుట. ఈ మాటలను వరుసగా నిలిపి చూచినచో రెండు సంగతులు తెలియును. మొదటిది: పెక్కుమాటలు స్త్రీ యనుభవమును గాక ఇతరులు ఆమెయెడ నుంచవలసిన దూరమును చెప్పుచున్నవి. ముట్టు, అంటు అనునవి తాకుటను దెలుపు మాటలే. ‘బహిష్టు’ బయటనున్నది. వీనిలో నొప్పి లేదు, దిగులు లేదు, కొలతయే యున్నది. ఈ సంగతిని స్త్రీవాద విమర్శకులు ఇదివరకే గట్టిగా చెప్పియున్నారు. రెండవది అంతగా గమనింపబడలేదు. ఈ మాటలన్నియు స్రావము మొదలైన దినమునుండియే లెక్క ప్రారంభించును. మొదటినాడు, రెండవనాడు, మూడవనాడు, నాలుగవనాటి స్నానము. ఆచారమంతయు ఈ నాలుగుదినముల చుట్టు అల్లుకొన్నది. తరువాత గర్భముకొరకు లెక్కించు దినములు. అటుపై ‘నెల తప్పుట’. స్రావమునకు ముందరి వారమునకు ఈ లెక్కలో స్థానము లేదు.

మన విద్యార్థిని వ్యాధికి సరిగా ఆ మొదటినాడే ఉపశమనము. లోకము ఆమెను ‘బయట’ నుంచు దినముననే ఆమె తనలోనికి తాను తిరిగివచ్చుచున్నది. లోకము ఆమెను అందరిలో కలుపుకొని పనిచేయించుకొను దినములలో ఆమె అందరికిని దూరమై యున్నది. ఆచారము గీచిన గీతయు, వ్యాధి గీచిన గీతయు ఒకేచోట పడి, ఒకటి రెండవదానికి తలక్రిందుగా నున్నది. పై మాటలలో నొక్కటియైనను ఆమెకు పనికిరాకపోవుటకు కారణ మిదియే. మనస్సు పడు పాట్లకు తెలుగున మాటలు సమృద్ధిగా నున్నవి. ఆమె జాబితాయే సాక్ష్యము. లేనిది ఆ పాట్లను తేదీకి ముడిపెట్టు మాట.

శరీరమున గలుగు మార్పువలన మనస్సు మారుననుట మన పూర్వులు ఎరుగనిది కాదు. వేవిళ్ళు అను మాటను చూడుడు. కడుపుతోనున్న స్త్రీకి వికారము, అన్నద్వేషము, విసుగు, వింతకోరికలు కలుగునని భాష ఎరుగును. వానినన్నిటిని ఒక్క మాటలో కట్టి, ఆ మాటతోనే ఆమెను క్షమించును. గయ్యాళి యత్తయు కోడలికి పుల్లమామిడి తెప్పించి పెట్టును. కావ్యములందు ఈ యనుభవము దోహదమను పేర అలంకారమై నిలిచినది. కాళిదాసు రఘువంశమున సుదక్షిణ మట్టిని కోరుట యందరెరిగినదే. అష్టాదశవర్ణనలలో కుమారోదయ మొకటి యగుటచే మన ప్రబంధకవులును గర్భచిహ్నములను తనివిదీర వర్ణించిరి. వేవిళ్ళకు మాట యేల పుట్టినది? ముందరి వారపు వేదనకు ఏల పుట్టలేదు? సమాధానము కష్టము కాదు. వేవిళ్ళ చివర బిడ్డ కలదు. ఆ వేదన వంశమునకు శుభవార్త. ముందరి వారపు వేదన చివర నున్నది ముట్టు. అనగా ఆ నెలకు బిడ్డ లేదను వార్త. ఇంటికి ప్రయోజనము గల వేదనకు పేరు దొరకినది. ప్రయోజనము లేనిది ‘స్వభావము’ అను బుట్టలో పడినది. పొగరు, నోటిదురుసు, నిలుకడలేమి, గాలి సోకుట, ఇవియే దానికి దక్కిన పేరులు.

మన వైద్యశాస్త్రమున నొకచోట దీనికి దగ్గరగా వచ్చిన పరిశీలన కలదు. చరకసంహిత చికిత్సాస్థానమున యోనివ్యాపత్తు లిరువదింటిని చెప్పుచు, ఉదావర్తిని యనుదానియందు రజస్సు వెడలినంతనే స్త్రీకి సుఖము కలుగునని చెప్పబడినది. అది నొప్పిని గూర్చిన మాటయే గాని మనోవ్యథను గూర్చినది కాదు. రెండును ఒకటియని చెప్పుట మా యుద్దేశము కాదు. కాని వ్యాధిని దాని రూపమును బట్టిగాక, అది ఎప్పుడు విడిచిపోవునో దానిని బట్టి గుర్తించుట యను పద్ధతి అచట నున్నది. స్రావమును దోషముగా, ఇంద్రుని బ్రహ్మహత్యలో స్త్రీ పంచుకొన్న భాగముగా చెప్పిన కథ తైత్తిరీయసంహితనుండి భాగవతము షష్ఠస్కంధము వరకు సాగి, తెలుగున ఏర్చూరి సింగన చేతిమీదుగా మనకు వచ్చినది. వైద్యుడు స్రావమున విడుదలను చూడగా, పౌరాణికుడు పాపభాగమును చూచెను. సాహిత్యము వైద్యుని వెంట నడువలేదు. పౌరాణికుని వెంట నడచినది.

ఇక అలంకారశాస్త్రము. ఈ వ్యాధి లక్షణములను మనోవైద్యులు పదునొకండుగా లెక్కించి, వానిలో కనీసము అయిదు ఉండవలెననియు, ఆ యయిదింట ఒకటియైనను మనోవికారమునకు సంబంధించినది కావలెననియు నియమించిరి. ఆ జాబితాను భరతుడు చెప్పిన ముప్పదిమూడు వ్యభిచారిభావముల ప్రక్కన నుంచితిమి. నిర్వేదము, గ్లాని, శంక, ఆలస్యము, దైన్యము, చింత, చపలత, ఆవేగము, జడత, విషాదము, అమర్షము, ఉగ్రత. సగమునకు మించి కలిసివచ్చుచున్నవి. భావములను వేరుచేసి పేరిడుటయందు మన శాస్త్రము ఎవరికిని తీసిపోదు. చిక్కు మరియొకచోట నున్నది. శాస్త్రమున ప్రతిభావమునకును విభావము కావలెను. కారణము కనబడనిచో సహృదయుని హృదయమున భావము నిలువదు. కారణము లేని కోపము రసమునకు పనికిరాదు. అది హాస్యమున కైనను దిగజారును, లేదా పాత్రపై నిందయైనను అగును.

నందితిమ్మన పారిజాతాపహరణమున సత్యభామ యలుకను చూడుడు. నారదుడు తెచ్చిన పుష్పమును కృష్ణుడు రుక్మిణి కిచ్చెను. చెలికత్తె ఆ వార్తను మోసికొని వచ్చెను. సత్య కోపగృహము చేరెను. కాళ్ళపై బడిన కృష్ణుని వామపాదమున దన్నెను. ఇంతటి యుగ్రతను మనము సహించుటయే కాదు, ఆమెను ప్రేమించుచున్నాము. ఏలన, పువ్వు మన కన్నులయెదుట నున్నది. కైకేయి క్రోధాగారమునకు మంథర మాటలు కలవు. అష్టవిధనాయికలను తలచుకొన్నను ఇంతే. విరహోత్కంఠిత, విప్రలబ్ధ, ఖండిత, కలహాంతరిత, ప్రోషితభర్తృక. ప్రతినాయిక దుఃఖమునకును ఒక నాయకుడు చేసిన పనియో, చేయని పనియో కారణము. పువ్వు లేక, మంథర లేక, నాయకుని యపరాధము లేక, ఒక యువతి మంగళవారమున నవ్వుచు నుండి శుక్రవారమున కోపగృహము చేరినచో మన శాస్త్ర మేమనును? విద్యార్థిని మాటలలో చెప్పవలెనన్నచో, "కారణం చెప్పమంటారు, లేదంటే నటన అంటారు, ఏదో ఒకటి కల్పించి చెబితే నమ్ముతారు." విభావము కొరకు లోకము పెట్టు ఒత్తిడి అట్టిది. బాధపడువారే తమ బాధకు ఒక యబద్ధపు విభావమును కల్పించుకొనవలసి వచ్చుచున్నది.

అయినను శాస్త్రము ఈ ద్వారమును మూసివేయలేదు. నాట్యశాస్త్రము ఏడవ యధ్యాయమున భరతుడు గ్లానికి వాంతి, విరేచనము, వ్యాధి మొదలగువానిని విభావములుగా చెప్పెను. ఆలస్యమునకు ఖేదము, వ్యాధి, గర్భము మున్నగునవి విభావములనెను. అనగా శరీరము తనంతట తానే భావమునకు విభావము కావచ్చునని ఆయన యంగీకరించెను; గర్భమును పేరెత్తియే చెప్పెను. గర్భము విభావమైనపుడు గర్భము లేని నెల ఏల కారాదు? కావున ఈ విషాదము విభావము లేనిది కాదు, విభావము కానరానిది. కానరాని విభావమును కనబడునట్లు చేయుట కవి పని. దానిని గుర్తించుట విమర్శకుని పని. మన లక్షణగ్రంథములు అడ్డము రాలేదు, మన లక్ష్యగ్రంథములే ఆ వైపు చూడలేదు.

ఆధునికులు చూచిరా? స్త్రీవాదకవిత్వము శరీరమును తెలుగు కవిత్వమునకు నడిబొడ్డున నిలిపినది. 1993లో వెలువడిన నీలిమేఘాలు సంకలనము ఆ యుద్యమమునకు గుర్తుగా నిలిచినది. కొండేపూడి నిర్మల ‘లేబర్ రూమ్’, పాటిబండ్ల రజని ‘అబార్షన్ స్టేట్‌మెంట్’ వంటి కవితలు, అంతవరకు ఆసుపత్రి తలుపుల వెనుక నున్నదానిని వీధిలోనికి తెచ్చినవి. ఆ ధైర్యమును తక్కువచేయుట మా యభిమతము కాదు. కాని ప్రసవము, గర్భస్రావము అనునవి సంఘటనలు. వానికి నాడు కలదు, స్థలము కలదు, ఎదుట నొక మనుష్యుడో, ఒక వ్యవస్థయో కలదు. దుఃఖకారణమును వెలుపల చూపుటయే ఆ కవిత్వమునకు బలము. ముందరి వారపు విషాదమునందు వెలుపల చూపదగిన శత్రువు లేడు. పైగా దానిని పేరెత్తి చెప్పినచో, స్త్రీ తన శరీరమునకు బానిసయను పాతనిందకు చేయూత యిచ్చినట్లగునేమో యను భయమును కలదు. ఈ భయము ఊహామాత్రము కాదు. అమెరికాలో ఈ వ్యాధిని వర్గీకరణ గ్రంథమున చేర్చుటను స్త్రీవాదులు పలువురు ఈ కారణముననే ప్రతిఘటించిరి. 1987నుండి 2013 వరకు అది అనుబంధముననే నిలుచుటకు ఆ వివాదమును ఒక కారణము. ఇట్లు ప్రాచీనాలంకారికుడును, ఆధునిక స్త్రీవాదియు, ఒకరితో నొకరు ఏకీభవింపనివారయ్యు, ఇచట ఒకే తీరున తడబడుచున్నారు. ఇరువురును కారణమును వెలుపలనే వెదకుచున్నారు.

ఆ భయమునకు మా సమాధాన మిది. పేరు లేనపుడు నింద స్త్రీలందరిపైనను పడును. పేరు గలిగినపుడు కొందరి వ్యాధి కొందరిదిగా వేరుపడును. నూటికి అయిదారుగురికి మించని వ్యాధిని స్త్రీస్వభావ మనుటకు వీలుండదు. మలేరియాకు పేరిడుట మనుష్యులందరిని వణకుడుగాండ్రను చేయలేదు గదా.

అయితే పేరు దొరకగానే విమర్శకుడు దానిని ఎల్లెడల అంటింపజూచుట మరియొక ప్రమాదము. దీనికి సిల్వియా ప్లాత్ విషయము మంచి యుదాహరణము. 1932లో బోస్టనున జన్మించి, 1963 ఫిబ్రవరిలో లండనున తన ప్రాణము తాను తీసికొన్న ఈ కవయిత్రిని గూర్చి 1990లో కాథరిన్ థామ్సన్ ఒక వ్యాసము వ్రాసి, ఆమె తీవ్రమైన ఋతుపూర్వవ్యాధితో బాధపడినదనియు, దాని యావర్తము కవితలలో కనబడుననియు వాదించినది. ఈ వాదమునకు ఆధారముగా నిలువదగినది ప్లాత్ అలవాటే. ఆమె తన చివరి కవితల చిత్తుప్రతులపై తేదీలు వేసెడిది. కవితను తేదీతో చదువుట యను పద్ధతి అచట సాధ్యమైనది. అంతవరకు ప్లాత్ జీవితమును తండ్రి మరణము, భర్త యెడబాటు అను రెండు విభావములతోనే చదివినవారికి, మూడవది యొకటి యుండవచ్చునని చూపుట ఈ వ్యాసముచేసిన మేలు.

కాని దాని పరిమితిని చెప్పకున్న న్యాయము కాదు. ఈ వ్యాధిని నిర్ణయించుటకు జ్ఞాపకము చాలదు. కనీసము రెండు ఆవర్తములలో ఏనాటిదానిని ఆనాడే వ్రాసిన లెక్క కావలెనని వైద్యుల నియమము. ప్లాత్ దినచర్యలు 1982లో సంక్షేపముగను, 2000లో సమగ్రముగను వెలువడినవి. కాని కడపటి నెలల పుస్తకమును తాను నాశనము చేసితినని టెడ్ హ్యూస్ స్వయముగా ప్రకటించెను. అనగా ఏ నెలలను గూర్చి వాదమో, ఆ నెలల సాక్ష్యమే లేదు. మరియు, ఎల్లప్పుడు నుండు విషాదము ఆ దినములలో ముదురుట వేరు, ఆ దినములలో మాత్రమే విషాదము వచ్చి పోవుట వేరు. 1953లోనే ప్రాణము తీసికొనబోయిన మనిషి విషయమున ఈ భేదమును తేల్చుట నేడు సాధ్యము కాదు. అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి. ఒక కవిత ఏ దినమున పుట్టినదో తెలియుటచే అది ఏల మంచి కవితయో తెలియదు. ఆమెతోపాటు అదే బాధ నెందరో పడిరి. ఆ కవితలను వ్రాసినది ఆమె యొక్కతెయే.

మన కావ్యపాత్రల విషయమున ఈ జాగ్రత్త ఇనుమడింపవలెను. సత్యభామకు ఈ వ్యాధి యుండెనని రేపు ఎవరైన వ్యాసము వ్రాసినచో, అది విమర్శ కాదు, వినోదము. పాత్రకు పుస్తకమున లేని దినములు లేవు; లేని దినములకు పట్టిక నింపజాలము.

అట్లయిన ఈ యనుభవమునకు తగిన సాహిత్యరూప మేది? వర్జీనియా వుల్ఫ్ 1926లో ప్రకటించిన వ్యాసమున, ప్రేమ, యుద్ధము, అసూయలతో సమానముగా అనారోగ్యము సాహిత్యమున వస్తువు కాకపోవుట వింతయనియు, రోగికి భాష చాలదనియు చెప్పినది. ఈ వ్యాధికి భాషతోపాటు కథాక్రమమును చాలకున్నది. మన కథ ఒక సంఘటనతో మొదలై, ముదిరి, తేలును. ఈ వ్యాధి తేలిన పిమ్మట మరల మొదలగును. పండ్రెండు నెలలలో పండ్రెండుమారులు చెప్పినచో పాఠకుడు విసుగుచెందును. ఒక్కమారు చెప్పినచో అది ఒకనాటి కోపమై పోవును. దీనికి తగినది దినచర్య యని మాకు తోచుచున్నది. తేదీయే అందు కథకుడు. ఈ తలంపు మాకు విద్యార్థిని నోటుపుస్తకమును చూచినపుడు కలిగినది. అంకెల ప్రక్కన ఆమె ఒకటి రెండు పంక్తులు వ్రాసికొన్నది. ఆమె యనుమతితో, ఆమె మాటలలోనే కొన్నిటి నిచ్చుచున్నాము.

"22వ రోజు: అక్షరాలు కనబడుతున్నాయి, వాక్యం కనబడటం లేదు. 25: అమ్మ అన్నం కలిపి పెట్టింది. ఏడ్చాను. 26: మూడో అధ్యాయం చదివాను. సిగ్గేసింది. దీన్ని ఎవరికైనా ఎలా చూపించాను? 27: చింపలేదు. బీరువాలో పెట్టి తాళంచెవి అమ్మకిచ్చాను. 1వ రోజు: మధ్యాహ్నం నుంచి తేలిక. 3: తాళంచెవి అడిగాను. అధ్యాయం బాగానే ఉంది."

ఇందు అలంకారము లేదు. తన్ను గూర్చిన జాలియు లేదు. 26వ నాటి పాఠకురాలును, 3వ నాటి పాఠకురాలును ఒక్కరే. అధ్యాయమున ఒక్క యక్షరము మారలేదు. మారినది తీర్పు. ఆ తీర్పు మారునని ముందుగా నెరిగి, దానికి ఎదురు తాళము వేయుటయందే ఆమె పోరాటమంతయు నున్నది. కనబడని విభావమును ఈ ఆరు పంక్తులలో అంకెలు కనబరచుచున్నవి. 22, 25, 27, 1 అను వరుసను తీసివేసినచో మిగులునది కారణము లేని కన్నీరు మాత్రమే. ఆమె యిట్లు వ్రాయుటకు పూర్వము రెండుమారులు అధ్యాయములను చింపి, మరల మొదటినుండి వ్రాసినదని పిదప తెలిసినది.

ఇచట మా తప్పు నొకదానిని చెప్పుకొనవలసి యున్నది. ఆ దినములలో ఆమె పరిశోధన ప్రగతిని గూర్చి వ్రాయవలసిన నివేదికలో మేము ‘తెలివి కలదు, నిలుకడ చాలదు’ అని వ్రాసితిమి. అది ఆమె పుస్తకము మొదలుపెట్టుటకు పూర్వపు మాట. కావున ఆనాటి యాలస్యమునకు ఈ వ్యాధియే కారణమని నేడు నిర్ణయింపజాలము. నిర్ణయింపజాలమను మాటయే అప్పుడును వ్రాయదగినది. నిలుకడ యనునది స్వభావమును దెలుపు మాట. మేము చూచినది రెండు మూడు దినముల ప్రవర్తన. పాత్ర స్వభావమును ఒక్క ఘట్టమునుండి నిర్ణయింపరాదని తరగతిలో బోధించు మేము, ఎదుట కూర్చున్న మనిషి విషయమున ఆ సూత్రమును మరచితిమి.

మా విచారము వలన తేలినవి మూడు. ఒకటి: స్త్రీపాత్రయందు గాని, రచయిత్రియందు గాని కారణము కనబడని భావమును చూచినపుడు, చంచలస్వభావమని తీర్పు చెప్పక, కాలమును విభావముగా పరిశీలింపవలెను. రెండు: తేదీలు గల సాక్ష్యము లేనిచోట వ్యాధి పేరును వాడరాదు, అనుమానమును అనుమానముగనే చెప్పవలెను. మూడు: వ్యాధి తెలిసినచోటను అది రచన పుట్టుకను కొంత వివరించునే గాని, రచన విలువను నిర్ణయింపదు.

ఇక మిగిలినది మాట. ‘ఋతుపూర్వ విషాదము’ అని మేము శిరోనామమున వాడితిమి; కాని ఆయుర్వేదమున ఋతుకాల మనగా గర్భధారణమునకు తగిన కాలము గావున ఆ మాటలో సందిగ్ధత కలదు; ఇందలి యాగ్రహమును విషాదమను మాట చెప్పదు. ‘బహిష్టుపూర్వ’ మనినచో వెలివేతను వెంట దెచ్చుకొనును. మా మాటలు రెండును విద్యార్థినికి రుచింపలేదు. ఆమె పట్టికను తల్లికి తానే, పేరు లేకుండగనే, దినము దినముగా చదివి వినిపించినదట. తల్లి కొంతసేపు ఊరకుండి, "ఇవన్నీ ముందునాళ్ళా?" అని యడిగినదట. నాటినుండి ఆ యింట ‘ముందునాళ్ళు’ అను మాట వాడుకలోనికి వచ్చినది. ‘దానికి ముందునాళ్ళు, అధ్యాయం సంగతి ఇప్పుడెత్తకండి’ అని తల్లి తండ్రితో చెప్పుచున్నదట. వేవిళ్ళు అను మాట చేయు పనియే ఈ మాటయు చేయుచున్నది.

ఇట్టి మాటలు వేరువేరు జిల్లాల స్త్రీల నోట ఇంకను ఉండవచ్చును. పలుకుబడులను సేకరించు పరిశోధక విద్యార్థులు, ముఖ్యముగా విద్యార్థినులు, తమ తల్లులను, అవ్వలను ఈ యొక్క ప్రశ్న యడుగవలసినదని కోరుచున్నాము. నివేదికలు వ్రాయు ఉపాధ్యాయ మిత్రులు, ‘నిలుకడ’ యను మాటను వ్రాయుటకు ముందు ఒక నెల యాగవలసినదని మనవి.